లై, లే: పడుకొనే మాట, పడుకోబెట్టే మాట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో ఇంగ్లీషులోని ‘సెట్’ అనే చిన్న మాటకు ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో 430 అర్థాలు చూపిందని రాశాను. దానిని చదివిన పాఠకులు కొందరు, అంతకన్నా మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట ఇంకొకటి ఉన్నదనీ, దాని సంగతి తేల్చి చెప్పాలనీ ఉత్తరాలు రాశారు. ఆ మాట ‘లై’. దానిని విడవకుండా వెంట తిరిగే మాట ‘లే’. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, రేణిగుంట ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని ఎంచుకొని ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగిలిన జవాబులన్నీ దాని మీదనే ఆధారపడ్డాయి కనుక దానిని ఓపికగా చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ‘నిన్న జ్వరం వచ్చి మధ్యాహ్నమంతా మంచం మీద పడుకున్నాను’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే ‘ఐ లెయిడ్ ఆన్ ద కాట్’ అని రాశాను. మా మేడమ్ ‘లెయిడ్’ను కొట్టేసి దాని మీద ఎర్ర సిరాతో ‘లే’ అని రాశారు. ‘లే’ వర్తమానకాలం కదా, నిన్నటి సంగతికి అది ఎలా కుదురుతుంది? పట్టిక కంఠస్థం చేస్తే సరిపోతుందని అన్నారు. కంఠస్థం చేశాను గానీ కారణం మాత్రం తెలియలేదు. దయచేసి వివరించండి సార్.
– ఒక విద్యార్థిని, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీ మేడమ్ గారు దిద్దినది సరైనదే. నిన్న పడుకున్న సంగతి చెప్పాలంటే ‘ఐ లే ఆన్ ద కాట్’ అనే రాయాలి. అయితే మీకు కలిగిన సందేహం కూడా న్యాయమైనదే, ఎందుకంటే ‘లే’ అనే రూపం ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియల ఇళ్లలో కాపురం ఉంటున్నది. ఒక ఇంట్లో అది భూతకాలం, రెండవ ఇంట్లో అదే మూలరూపం. ఏ ఇంట్లో ఉన్నదో చూసుకోకుండా పట్టికను ఎన్నిసార్లు ఒప్పజెప్పినా వాక్యం రాసే వేళకు చేయి తడబడుతూనే ఉంటుంది.

మొదటి క్రియ ఎల్-ఐ-ఇ అని రాసే ‘లై’. పడుకొను, పడి ఉండు, ఒక చోట నెలకొని ఉండు అనేవి దీని అర్థాలు. దీని భూతకాలం ‘లే’, అంటే ఎల్-ఏ-వై. ‘హ్యావ్’, ‘హ్యాడ్’ల తరువాత వచ్చే మూడవ రూపం ‘లేన్’. వీధి సందును లేన్ అంటామే, అచ్చంగా ఆ పలుకే. రాతలో మాత్రం ఎల్-ఏ-ఐ-ఎన్. రెండవ క్రియ ఎల్-ఏ-వై అని రాసే ‘లే’. పెట్టు, పరచు, వేయు, పడుకోబెట్టు అనేవి దీని అర్థాలు. దీనికి భూతకాలమూ మూడవ రూపమూ ఒక్కటే, ‘లెయిడ్’. మీరు మంచం మీద పడుకున్నారే గానీ మరి దేనినీ మంచం మీద పెట్టలేదు కనుక మీ వాక్యంలో ‘లెయిడ్’కు చోటు లేదు.

ఇక కారణం సంగతి. తెలుగువాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. మనం పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకొనే దాకా ఇటువంటి జంట క్రియలతోనే మాట్లాడుతూ ఉంటాము. బస్సు ఆగింది అంటాము, డ్రైవరు బస్సును ఆపాడు అంటాము. నీళ్ల బిందె నెత్తి మీద నుంచి దానంతట అది దిగదు, ఎవరో ఒకరు దించాలి. కొమ్మ వంగుతుంది, మనం వంచుతాము. గోడ కూలుతుంది, మనిషి కూలుస్తాడు. పిల్లవాడు లేస్తాడు, తల్లి లేపుతుంది. మన చిత్తూరు వైపు మాటలో చెప్పాలంటే, బిడ్డ పండుకుంటుంది, తల్లి బిడ్డను పండబెడుతుంది. పని తనంతట తాను జరిగితే ఒక రూపం, ఇంకొకరు జరిపిస్తే ఇంకొక రూపం. వ్యాకరణంలో మొదటిది అకర్మకం. ఆ పనిని ఇంకొకరి చేత జరిపించినట్టు చెప్పే రెండవదానిని ప్రేరణార్థకం అంటారు.

ఇంగ్లీషు, జర్మన్, డచ్ వంటి భాషలకు తల్లి అయిన పాత భాషలో కూడా ఇలా జంటలు కట్టుకొనే పద్ధతి సజీవంగా ఉండేది. అకర్మక క్రియకు భూతకాలంలో ఉండే అచ్చును తీసుకొని, దానికి ఒక ప్రత్యయం తగిలించి, ప్రేరణరూపం చేసుకొనేవారు. ‘లై’ నుంచి ‘లే’ పుట్టింది ఆ దారినే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో పడుకొనే మాట ఇకారంతోనూ, పడుకోబెట్టే మాట ఎకారంతోనూ ఉండి, రెండూ స్పష్టంగా వేరుగా వినిపించేవి. తరాలు గడిచేకొద్దీ పలుకులు అరిగిపోయి, మొదటిదాని భూతకాలమూ రెండవదాని మూలరూపమూ ఒకే ధ్వనికి, ఒకే రాతకు వచ్చి చేరాయి. మీ నోటుపుస్తకంలోని ఎర్ర సిరాకు మూలం ఆ అరుగుదలే.

ఈ ఒక్క జంటే కాదు, ఆ పాత పద్ధతికి గుర్తులుగా ఇంగ్లీషులో ఇంకొన్ని మిగిలాయి. ‘సిట్’ అంటే కూర్చొను, ‘సెట్’ అంటే మొదట కూర్చోబెట్టు. పోయిన నెల మనం చూసిన 430 అర్థాలూ ఆ కూర్చోబెట్టడం నుంచి విస్తరించినవే. ‘రైజ్’ అంటే లేచు, ‘రెయిజ్’ అంటే లేపు. ‘డ్రింక్’ అంటే తాగు, ‘డ్రెంచ్’ అంటే మొదట తాగించు. ఇప్పుడు ‘డ్రెంచ్’ అంటే తడిపి ముద్ద చేయడమనే అందరికీ తెలుసు గానీ, ఆవుకో మేకకో నోటిలోకి మందు తాగించడాన్ని పశువైద్యులు నేటికీ డ్రెంచింగ్ అనే అంటారు. పాడి పశువులు ఇంటింటా ఉన్న మన ప్రాంతంలో ఆ మాట విన్నవాళ్లు చాలామందే ఉంటారు.

మీ సందేహానికి అన్నిటికన్నా దగ్గరి జంట ‘ఫాల్’, ‘ఫెల్’. ఫాల్ అంటే కూలు, పడు. దాని భూతకాలం ‘ఫెల్’. ఫెల్ అనేదే మళ్లీ సొంతంగా ఒక క్రియ, దాని అర్థం కూల్చు. చెట్టు నరికి పడగొట్టడానికి ఆ మాట వాడతారు. భూతకాలమూ ప్రేరణరూపమూ ఒకే ముఖంతో కనిపించడం ‘లే’కు మాత్రమే వచ్చిన కష్టం కాదని దీనివల్ల తెలుస్తుంది. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ద టవర్ ఫెల్’ అంటాము. ఇక్కడ ఫెల్ అనేది ఫాల్‌కు భూతకాలం, గోపురం తానే కూలింది. శిథిలాలు నేల మీద పడి ఉన్నాయి, ‘ద రూయిన్స్ లే ఆన్ ద గ్రౌండ్’. తరువాత కొత్త గోపురానికి పునాది వేశారు, ‘ఎ న్యూ ఫౌండేషన్ వాజ్ లెయిడ్’. శిథిలాలను ఎవరూ పరచలేదు కనుక అక్కడ ‘లే’ వచ్చింది. పునాదిని మనుషులు వేశారు కనుక ఇక్కడ ‘లెయిడ్’ వచ్చింది. ‘గోపురం కూలింది’ అనడానికీ ‘గోపురాన్ని కూల్చారు’ అనడానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ ఇంగ్లీషు జంటలలో ఉన్నది కూడా ఆ దూరమే.

పరీక్షలో తడుముకోకుండా ఉండడానికి ఒక చిన్న ఉపాయం చెబుతాను. మీరు రాయబోయే క్రియను ముందు తెలుగులో అనుకొని ‘దేనిని?’ లేదా ‘ఎవరిని?’ అని అడగండి. జవాబు వస్తే ‘లే, లెయిడ్, లెయిడ్’. జవాబు రాకపోతే ‘లై, లే, లేన్’. ‘అమ్మ పడుకోబెట్టింది’. ఎవరిని? బిడ్డను. కనుక ‘మదర్ లెయిడ్ ద బేబీ ఇన్ ద క్రేడిల్’. ‘బిడ్డ కదలకుండా పడుకుంది’. ఎవరిని? ఈ ప్రశ్నకు ఇక్కడ అర్థమే లేదు. కనుక ‘ద బేబీ లే స్టిల్’.

అరుదుగా కనిపించే ‘లేన్’ అనే మూడవ రూపానికి మన ఊరి నుంచే ఉదాహరణ ఇస్తాను. ‘లై’కు నెలకొని ఉండు అనే అర్థం ఉన్నదని చెప్పాను కదా. తిరుపతి శేషాచలం కొండల పాదాన ఉన్నది అనడానికి ‘తిరుపతి లైస్ ఎట్ ద ఫుట్ ఆఫ్ ద శేషాచలం హిల్స్’ అంటాము. కొండలు కదలవు కనుక ఈ వాక్యానికి కాలభేదం రాదు. జిల్లాల సంగతి అలా కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడింది కనుక, అంతకు ముందు తిరుపతి చిత్తూరు జిల్లాలో ఉండేది అని చెప్పడానికి ‘తిరుపతి లే ఇన్ చిత్తూర్ డిస్ట్రిక్ట్’ అనాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. విడిపోయే నాటికి తిరుపతి నూరేళ్లకు పైగా ఆ జిల్లాలోనే ఉంటూ వచ్చింది అనాలంటే ‘హ్యాడ్ లేన్’ అనక తప్పదు. ఊరిని ఎవరూ ఎత్తి పెట్టలేదు కనుక ఈ వాక్యాలలో ఎక్కడా ‘లెయిడ్’ రాదు.

ఇంకొక్క మాట. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు కూడా మాటల్లో ‘లై డౌన్’ అనవలసిన చోట ‘లే డౌన్’ అనడం శతాబ్దాలుగా ఉన్నది. బైరన్ అంతటి కవి 1818లో అచ్చయిన ఒక పద్యంలో ‘బే’ అనే మాటకు అంత్యప్రాస కుదరడానికి ‘లై’ ఉండవలసిన చోట ‘లే’ వాడాడు. కనుక మీరు తప్పు రాసినందుకు చిన్నబోవలసిన పని లేదు. అలాగని పరీక్షలోనూ ఉద్యోగపు దరఖాస్తులోనూ ఆ వాడుకను అనుసరించకండి. రాతలో ఈ తేడాను చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఉండాలి కూడా.

ప్రశ్న: నేను చిత్తూరు కోర్టులలో జూనియర్ న్యాయవాదిగా పని చేస్తున్నాను. చట్టాలలో ‘యాన్ అప్పీల్ షల్ లై’ అని పదే పదే వస్తుంది. కక్షిదారులకు తెలుగులో వివరంగా రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు ‘అప్పీలు ఉండును’ అని రాస్తున్నాను గానీ మనసుకు నచ్చడం లేదు. ఇక్కడి ‘లై’కు అర్థమేమిటి, తెలుగులో ఏమని రాయాలి?
– ఒక న్యాయవాది, చిత్తూరు

జవాబు: మీ మనసుకు నచ్చకపోవడం మంచి లక్షణం. ‘అప్పీలు ఉండును’ అని చదివిన కక్షిదారు తన అప్పీలు ఎక్కడో దాఖలై ఉన్నదని పొరబడే ప్రమాదం ఉన్నది.

ఇది కూడా పైన చెప్పిన మొదటి క్రియే. నెలకొని ఉండు అనే అర్థం నుంచి చట్టభాషలో ‘చెల్లుబాటుగా నిలుచు, అవకాశం ఉండు’ అనే అర్థం వచ్చింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 96వ సెక్షన్ తొలి అప్పీలు గురించీ, 100వ సెక్షన్ హైకోర్టుకు వెళ్లే రెండవ అప్పీలు గురించీ చెప్పేటప్పుడు ఈ క్రియనే వాడాయి. మొదటి కోర్టు ఇచ్చిన డిక్రీ మీద, చట్టం వేరుగా చెప్పిన సందర్భాలలో తప్ప, పై కోర్టుకు అప్పీలు వేసుకోవచ్చునని 96వ సెక్షన్ సారాంశం. ఉభయపక్షాల సమ్మతితో ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదని చెప్పే మూడవ ఉపసెక్షన్‌లో ఉన్నది ‘నో అప్పీల్ షల్ లై’.

దీనికి తెలుగులో మన వాడుకలోనే ఒక చక్కని మాట ఉన్నది, అది ‘తావు’. మన జిల్లాలలో తావు అంటే చోటు అని పల్లెలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ‘దీనికి తావు లేదు’ అన్నప్పుడు అదే మాట అవకాశం అనే అర్థాన్ని ఇస్తుంది. చోటును చెప్పే మాట అవకాశాన్ని చెప్పే మాటగా మారడమే ఇంగ్లీషు ‘లై’లోనూ జరిగింది. కనుక ‘నో అప్పీల్ షల్ లై’ అన్నచోట ‘అప్పీలుకు తావు లేదు’ అని నిస్సందేహంగా రాయండి. ‘యాన్ అప్పీల్ షల్ లై’ అన్నచోట ‘అప్పీలు వేసుకోవచ్చును’ అని రాస్తే కక్షిదారుకు ఒక్క చూపులో అర్థమవుతుంది. ‘అప్పీలు కొట్టివేశారు’ అనే మాటను మాత్రం ఇక్కడ వాడకండి. కొట్టివేయడం కోర్టు విని చేసే పని. తావు లేకపోవడమంటే తలుపే లేకపోవడం. మీ మీద నమ్మకంతో వచ్చిన మనిషికి ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే డబ్బూ కాలమూ రెండూ నష్టపోతాడు.

రుజువు భారం ఎవరి మీద ఉన్నదో చెప్పేటప్పుడు కూడా ‘బర్డెన్ లైస్ ఆన్’ అంటారు. దానిని మనం ఏ ఇబ్బందీ లేకుండా ‘భారం ఫలానా వారి మీద ఉంటుంది’ అనే అంటున్నాము. పాత తీర్పులలో ‘నో అప్పీల్ లే’ అని కనిపిస్తే అది భూతకాలం, ఆనాడు అప్పీలుకు తావు ఉండలేదని అర్థం. దానిని ‘అప్పీలు వేయలేదు’ అని పొరబడకూడదు.

చట్టాల్లో రెండవ క్రియకూ గొప్ప స్థానమే ఉన్నది. మన రాజ్యాంగం 112వ అధికరణం వార్షిక ఆర్థిక నివేదికను, అంటే మనం బడ్జెట్ అనేదానిని, పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచేలా రాష్ట్రపతి చూడాలని చెబుతుంది. అక్కడి ఇంగ్లీషు ‘కాజ్ టు బి లెయిడ్’. ఉండు, ఉంచు, ఉంచేలా చేయు. ‘లై’ నుంచి ‘లే’ ఒకసారి ప్రేరణరూపం అయింది, దాని మీద ‘కాజ్’ చేరి ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. దిగు, దించు, దింపించు అని మనం మూడు మెట్లు ఎక్కినట్టే ఇదీను.

మీరు న్యాయవాది కనుక ఇది కూడా చెప్పాలి. ‘లా’, అంటే చట్టం అనే మాట ఇంగ్లీషులోకి స్కాండినేవియా వాళ్ల పాత భాష నుంచి వచ్చింది. దాని మూలార్థం ‘వేసి ఉంచినది, నెలకొల్పినది’. అది ‘లే’ కుటుంబంలోని మాటే. పేరులో ‘లా’ ఉన్న లాయరు అనే మాట కూడా ఆ కుటుంబానికి చెందినదే.

ప్రశ్న: మాకు చిత్తూరు దగ్గర కోళ్ల ఫారం ఉన్నది. చూసిపోవడానికి వచ్చిన సూపర్‌వైజరు రిజిస్టరులో ‘బర్డ్స్ స్టార్టెడ్ లైయింగ్’ అని రాశాడు. మా అమ్మాయి చూసి అది తప్పు, కోళ్లు పడిపోయాయన్నట్టు ఉన్నది అంటున్నది. నిజమేనా?
– ఒక రైతు, చిత్తూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పినది నిజం. కోళ్ల ఫారంలో కోళ్లు పడుకోవడం మొదలుపెట్టాయి అని రాస్తే చదివినవాళ్లు రోగం వచ్చిందేమోనని కంగారు పడతారు. ఉండవలసినది ‘లేయింగ్’, గుడ్లు పెట్టడం. మీ షెడ్డులో ఉన్నవాటిని లేయర్ కోళ్లు అని మీరే రోజూ అంటున్నారు. లేయర్ అంటే ‘లే’ చేసేది, గుడ్డు పెట్టేది. పద్దెనిమిది, ఇరవై వారాల వయసుకు వచ్చి తొలి గుడ్డుకు సిద్ధమైన పెట్టలను ‘పాయింట్ ఆఫ్ లే’కు వచ్చాయి అంటారు. అక్కడ ఈ క్రియ నామవాచకం కూడా అయింది.

ఇంగ్లీషువాళ్లు గుడ్డును ‘లే’ చేస్తుంది అంటే, మనం గుడ్డు ‘పెడుతుంది’ అంటాము. రెండు భాషలూ ఒకదానినొకటి చూసి రాసుకున్నవి కావు, అయినా ఒకే క్రియను ఎంచుకున్నాయి. ఇంగ్లీషులో ఒక్క మాటకు ఇన్ని అర్థాలా అని విసుక్కొనే పాఠకులు మన ‘పెట్టు’ను ఒకసారి చూడాలని నా కోరిక. గుడ్డు పెడతాము అనము గానీ, అన్నం పెడతాము, పేరు పెడతాము, ముగ్గు పెడతాము, ముద్దు పెడతాము, బొట్టు పెడతాము, తాకట్టు పెడతాము, కేసు పెడతాము, ఆవకాయ పెడతాము. పరుగు పెడతాము. చివరికి ఎండబెట్టు, పండబెట్టు, కూర్చోబెట్టు అన్నప్పుడు ఆ ‘పెట్టు’ ఇంకొక క్రియకు తోకగా చేరి దానిని ప్రేరణార్థకంగా మార్చే పనిముట్టు కూడా అవుతుంది. ఇన్ని అర్థాలను మన ఇంటి మూడేళ్ల పిల్ల తడబడకుండా వాడుతుంది, ఎందుకంటే ఆ పిల్ల వాటిని పట్టికలో కాక వంటింట్లో నేర్చుకుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఐదవ తరగతి. ‘అబద్ధం చెప్పాడు’ అనడానికి ‘హీ లే’ అని రాశాడు. లైకు భూతకాలం లే అని పుస్తకంలో ఉన్నది కదా అని వాదిస్తున్నాడు. వాడికి ఏమని చెప్పాలి?
– ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: వాడిని ముందు మెచ్చుకోండి అమ్మా, నేర్చుకున్న సూత్రాన్ని నమ్మి రాశాడు. ఆ తరువాత, అబద్ధమాడే ‘లై’ పైన చెప్పిన రెండింటికీ చుట్టం కాదని, అది మూడవ క్రియ అని చెప్పండి. పలుకూ రాతా ఒకటే అయినా పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ వేర్వేరుగానే ఉండేవి. అబద్ధమాడే ‘లై’కు భూతకాలం ‘లైడ్’, మూడవ రూపమూ ‘లైడ్’. ‘-ఇంగ్’ చేరినప్పుడు మాత్రం పడుకోవడమైనా అబద్ధమాడడమైనా రెండూ ‘లైయింగ్’ అవుతాయి, ఎల్-వై-ఐ-ఎన్-జి. అప్పుడు ఏది అన్నది వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి.

తెలుగులో ఇటువంటివి వాడికి తెలిసినవే చూపించండి. ‘పండు’ అంటే జామపండులోని పండూ అవుతుంది, పండుకో అనేదానిలోని పండూ అవుతుంది. ‘తల పండు’ అంటే ఇంకొకటి. అన్నిటికన్నా వాడికి నచ్చేది ఇది: పొద్దున మీరు వాడిని నిద్ర లేపడానికి ‘లే, లే’ అంటారు. ఇంగ్లీషులో అదే పలుకు పడుకోబెట్టే మాట. రెండు భాషల్లో ఒక్క ధ్వని రెండు ఎదురు పనులు చేస్తున్నదని చెబితే వాడు ఈ పాఠాన్ని మరిచిపోడు.

రాతలో ఒక జాగ్రత్త కూడా చెప్పండి. ప్లే, స్టే, ప్రే వంటి మాటలకు చివర ‘-ఇడి’ చేర్చి రాస్తాము గానీ, పే, సే, లే అనే మూడింటికి భూతకాలంలో వై పోయి ఐ వస్తుంది. పెయిడ్, సెడ్, లెయిడ్ మూడూ ఏ-ఐ-డి తోనే ముగుస్తాయి. వాటిలో సెడ్ ఒక్కదానికి పలుకు మారింది.

ప్రశ్న: లేఅవుట్, లేఆఫ్, లేమ్యాన్, డిలే, రిలే, లెడ్జర్. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే ‘లే’నా?
– ఒక పాఠకుడు, గాంధీరోడ్డు, తిరుపతి

జవాబు: అన్నిటిలోనూ కాదు. తిరుపతి చుట్టూ పొలాలను ప్లాట్లుగా చేసి రాళ్లు పాతితే మనం లేఅవుట్ వేశారు అంటామే, అందులో ఉన్నది పరచు అనే అర్థంగల ‘లే’. ఉద్యోగులను పనిలో నుంచి తీసివేసే లేఆఫ్‌లోనూ అదే, పక్కన పెట్టడం. చట్టంలో మాత్రం లేఆఫ్ అంటే పని చూపించలేక తాత్కాలికంగా పక్కన ఉంచడం; పూర్తిగా తీసివేయడానికి రిట్రెంచ్‌మెంట్ అనే వేరే మాట ఉన్నది. పత్రికల్లో రెండింటినీ ఒకటిగా రాస్తున్నారు గానీ, జీతం మీద బతికేవాడికి ఈ తేడా చిన్నది కాదు.

లేమ్యాన్‌లోని ‘లే’ పూర్తిగా వేరు. అది ప్రజలు అనే అర్థంగల గ్రీకు మాట నుంచి లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది. మొదట మతగురువు కాని సామాన్యుడు అనీ, తరువాత ఒక విద్యలో నిపుణుడు కానివాడు అనీ అర్థం స్థిరపడింది. డిలే, రిలే రెండూ ఫ్రెంచి నుంచి వచ్చినవి. మన జంటకు చుట్టాలు కావు.

ఇక లెడ్జర్. మీ గాంధీరోడ్డు దుకాణాలలో గల్లాపెట్టె పక్కన కదలకుండా ఉండే ఆ పెద్ద పుస్తకం పేరు ‘లై’, ‘లే’ల పాత రూపం నుంచే వచ్చింది. ఒకే చోట ఎప్పుడూ పడి ఉండే పుస్తకం అని దాని తొలి అర్థం. ఇప్పుడు లెక్కలు కంప్యూటరులోకి వెళ్లినా పేరు మారలేదు.

ప్రశ్న: మా ఊరి రోడ్డు తవ్విన చోట ‘పైప్‌లైన్ లైయింగ్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అని బోర్డు పెట్టారు. పక్కన పైపులు నెలల తరబడి పడే ఉన్నాయి. బోర్డులో తప్పు ఉన్నదా? ఉంటే చెప్పవచ్చునా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: తప్పు ఉన్నది, చెప్పవలసినదే. పైపులు నేల మీద పడి ఉండడం ‘లైయింగ్’. వాటిని గుంటలో దించి, వరుసగా వేసి, కలపడం ‘లేయింగ్’. పనివాళ్లు చేయవలసినది రెండవది, బోర్డు మీద రాసి ఉన్నది మొదటిది. మీరు పంపిన ఫొటోను నేను దగ్గరగా చూశాను. పసుపు రంగు రేకు మీద నల్ల అక్షరాలు, కింద తెలుగులో ‘పైపులైను వేయు పని జరుగుచున్నది’ అని ఒక్క తప్పు లేకుండా ఉన్నది. ‘వేయు’ అని రాసిన ఆ చేతికి పని ఏమిటో బాగా తెలుసు. ఇంగ్లీషు అక్షరాలే ఎవరో తప్పుగా రాసి ఇచ్చి ఉంటారు.

బోర్డు రాసిన మనిషిని తప్పుపట్టకుండా, పని చూసుకొనే మేస్త్రీకి మర్యాదగా చెప్పండి. బోర్డు మొత్తం చెరిపి రాయనక్కరలేదు. ఎల్‌కూ వైకీ మధ్య ఒక ఏ పట్టే చోటు ఆ రేకు మీద ఉన్నది.